‘సర్టిఫైడ్’ మేస్త్రి అంటే ఎవరు? ఇల్లు కట్టేవాడి అర్హత చుట్టూ ఉన్న కాగితాల కథ

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర సగం లేచిన ఇంటి ముందు ఈమధ్య ఒక ఫ్లెక్సీ చూశాను. ‘సర్టిఫైడ్ బిల్డర్’ అని పెద్ద అక్షరాలు, కింద ఫోన్ నంబరు. లోపల పని చేయిస్తున్న మేస్త్రిని ఏం సర్టిఫికెట్ అని అడిగాను. పర్సు తీసి, ప్లాస్టిక్ కవరు తొడిగిన కార్డు ఒకటి చూపించాడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు అది. ఇది పని వచ్చినట్టు ఇచ్చే సర్టిఫికెట్ కాదన్నాను. “కాదేటి బాబూ? గవర్నమెంటోలే కదా ఇచ్చినారు” అన్నాడు.

తప్పు ఆయనది కాదు. ఇల్లు కట్టే వృత్తి చుట్టూ ఇన్ని కార్డులు, లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చేరాయి గానీ, అన్నింటినీ జనం ఒకే మాటతో ‘సర్టిఫికెట్’ అంటున్నారు. పిల్లాడిని ఐటీఐలో చేర్చాలా, పాలిటెక్నిక్‌కి పంపాలా అని ఆలోచించే తండ్రికీ ఇదే తికమక. పాతికేళ్లుగా తాపీ పట్టిన మేస్త్రికీ, ఆయన చేత ఇల్లు కట్టించుకునే ఇంటాయనకీ కూడా అంతే.

ముందుగా ఒక మాట తేల్చుకుంటే మిగతాది సులువు. మన దేశంలో సొంతింటిని కాంట్రాక్టుకు కట్టిపెట్టే మనిషికి పరీక్ష పెట్టి, ‘ఇతను ఇళ్లు కట్టవచ్చు’ అని లైసెన్సు ఇచ్చే వ్యవస్థ లేదు. మోటారు సైకిల్ నడపడానికి లైసెన్సు కావాలి, మందుల షాపు పెట్టడానికి లైసెన్సు కావాలి. రెండంతస్తుల ఇల్లు కట్టడానికి మాత్రం పారా తాపీ ఉంటే చాలు, నలుగురు నమ్మితే చాలు. ఉన్న కాగితాలన్నీ ఈ ఖాళీ చుట్టూ ఉన్నవే. ఒకటి చేతిపనిని, ఒకటి చదువును, ఒకటి ఆర్థిక స్తోమతను, మరొకటి ప్రాజెక్టును చూస్తుంది.

మొదటగా ఆ కార్మిక కార్డు సంగతి. 1996 నాటి చట్టం తెచ్చిన నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రమాదానికో ప్రసవానికో సాయం అందించడం కోసం పెట్టిన ఏర్పాటు అది. గోడ నిట్టనిలువుగా కడతాడా, వంకరగా కడతాడా అని ఆ కార్డు ఇచ్చేవాళ్లు చూడరు, చూడక్కర్లేదు కూడా.

## చేతిపనిని కొలిచే కాగితం

అసలైన నైపుణ్య సర్టిఫికెట్ల వెనక ఒక నిచ్చెన ఉంది. దాని పేరు జాతీయ నైపుణ్య అర్హతల చట్రం. 2013 డిసెంబరు 27న కేంద్రం దాన్ని నోటిఫై చేసింది. మొదట్లో పది మెట్లుండేవి, 2023లో ఎనిమిదికి కుదించి మధ్యలో అర మెట్లు కూడా పెట్టారు. ప్రతి పనికీ ఏమేం రావాలో ఒక పత్రంలో రాసి ఉంచుతారు. నిర్మాణ రంగానికి ఆ పత్రాలు తయారు చేసేది నిర్మాణ నైపుణ్యాభివృద్ధి మండలి. మొదట్లో కూర్చిన పద్ధతిలో హెల్పర్ మేసన్ ఒకటో మెట్టు, అసిస్టెంట్ మేసన్ రెండో మెట్టు, మేసన్ జనరల్ నాలుగో మెట్టు. మన ఊళ్లో కూలి, చిన్న మేస్త్రి, మేస్త్రి అనుకునే వరసే ఇది, కాకపోతే నంబర్లు వేశారు.

ఈ నిచ్చెన ఎక్కడానికి రెండు దారులున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు కోర్సులో చేరతారు. ఐటీఐలో మేసన్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. పీఎం ఆవాస్ గ్రామీణ్ పథకంలో గ్రామీణ మేస్త్రి శిక్షణ 45 రోజులు. దీనిలో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. శిక్షణ కోసమని గోడ కట్టించి కూల్చేయరు, లబ్ధిదారు ఇంటినే కట్టిస్తూ నేర్పుతారు. పునాది గీత దగ్గర్నుంచి పైకప్పు దాకా నేర్చుకునేవాడి చేతి మీదుగా నడుస్తుంది.

పని ముందే వచ్చినవాళ్లకు రెండో దారి. మునుపటి నేర్పుకు గుర్తింపు అంటారు, ఆఫీసు భాషలో ఆర్‌పీఎల్. 2015 జులై 15న మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఇది ఎక్కువగా జరిగింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాడిని మళ్లీ బడిలో కూర్చోబెట్టరు. కొద్ది గంటల అవగాహన తర్వాత పరీక్ష పెడతారు. శిక్షణ ఇచ్చిన సంస్థ వేరు, పరీక్ష పెట్టే మనిషి వేరు. తాను నేర్పినవాళ్లకు తానే మార్కులు వేసుకోకుండా ఉండాలని ఈ ఏర్పాటు.

ఇరవై ఏళ్ల అనుభవమున్న మేస్త్రికి ఆ పరీక్షలో ఏది సులువు, ఏది కష్టం? ఇటుక వరస పేర్చడం, రసమట్టం పెట్టి గోడ చూసుకోవడం, గుండు వేలాడదీసి నిలువు సరిచూడడం, మూలమట్టంతో మూల తీయడం ఆయనకు నిద్రలో కూడా వచ్చిన పనులే. ఇబ్బంది పెట్టేవి మామూలుగా మూడు. డ్రాయింగు చదవడం మొదటిది. హెల్మెట్టు, బెల్టు, పరంజా కట్టే పద్ధతి లాంటి భద్రత నియమాలు రెండోది. ‘ఎందుకు’ అనే ప్రశ్న మూడోది. స్లాబుకి ఎన్ని రోజులు నీళ్లు పట్టాలని అడిగితే ఏడు అని చెబుతాడు. మరి ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు? కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ లాంటి సిమెంటుకు కనీసం పది. బస్తా మారింది, అలవాటు మారలేదు. పరీక్ష పట్టుకునేది ఆ తేడానే.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందులోని 18 వృత్తుల్లో రాజ్ మిస్త్రీ, అంటే మన తాపీమేస్త్రి ఒకడు. ఈ పథకం సర్టిఫికెట్, గుర్తింపు కార్డు రెండూ ఇస్తుంది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే 15 రోజుల పై శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల రుణం. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. పంచాయతీ దగ్గర మొదలై జిల్లా కమిటీ దాటి మూడంచెల్లో పరిశీలన జరుగుతుంది. ఇది నైపుణ్యాన్ని గుర్తిస్తుంది కానీ దీని బరువంతా పనిముట్లు, రుణం మీదే ఉంది. దరఖాస్తు చేసేవాళ్లలో చాలామంది సర్టిఫికెట్ కోసం రారు. అందులో తప్పేమీ లేదు.

## కళింగపట్నంలో ఒక ఇల్లు, బొబ్బిలిలో ఒక ఇల్లు

చేతిపని సర్టిఫికెట్ ఎంతవరకు సరిపోతుంది, ఎక్కడ చాలదు? దీన్ని మాటల్లో కంటే లెక్కలో చూడడం మేలు. అదే కొలతలతో, అదే మేస్త్రి చేత రెండు ఇళ్లు కట్టిస్తున్నామనుకుందాం. ఒకటి సముద్రానికి దూరంగా బొబ్బిలిలో. రెండోది కళింగపట్నంలో, ఇంటి మీద నిలబడితే కెరటం కనిపించేంత దగ్గర్లో.

బొబ్బిలి ఇంట్లో ఎండావానా తగలని లోపలి స్లాబు, బీముల సంగతి చూద్దాం. అక్కడ ఎం20 రకం కాంక్రీటు (నంబరు పెరిగితే బలం ఎక్కువ) వేస్తారు, మేస్త్రుల భాషలో సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, పిక్క మూడు. ఐఎస్ 456లోని పట్టిక ప్రకారం 50 కిలోల బస్తాకు ఇసుక, పిక్క కలిపి 250 కిలోలు మించకూడదు, నీళ్లు 30 లీటర్లు మించకూడదు. పది లీటర్ల బకెట్టుతో మూడు. ఇది మేస్త్రి చేతిలో ఉన్న లెక్క. సర్టిఫికెట్ పరీక్షలో కూడా ఈ మేరకే అడుగుతారు.

కళింగపట్నం ఇంటికి వచ్చేసరికి కథ మారుతుంది. తీరప్రాంతపు గాలికి తగిలే కాంక్రీటును అదే ప్రమాణం ‘తీవ్రమైన’ పరిస్థితి కింద లెక్కిస్తుంది. ఇనుముతో వేసే కాంక్రీటు ఎం30కి తగ్గకూడదు. సిమెంటు బరువులో నీళ్లు 0.45 వంతు మించకూడదు, అంటే బస్తాకు 22.5 లీటర్లు. మూడు బకెట్లు కాదు, రెండుంబావు. ఇసుక తడిగా ఉంటే ఆ తడిని కూడా ఇందులోంచి తీసేయాలి. వంశధార ఇసుక వానాకాలంలో తట్టలోంచి నీళ్లు కారుతూ వస్తుందని ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇనుప కడ్డీకీ బయటి గాలికీ మధ్య ఉండే కాంక్రీటు మందం, అంటే కవరు, తేలిక పరిస్థితిలో 20 మిల్లీమీటర్లు చాలు. తీవ్రమైన పరిస్థితిలో 45 కావాలి. సైటులో ముందే పోసి పెట్టుకున్న కవరు బిళ్లలు సాధారణంగా ఎంత మందం ఉంటాయో ఒకసారి టేపు పెట్టి చూడండి. ఉప్పుగాలి కాంక్రీటు సందుల్లోంచి నెమ్మదిగా కడ్డీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. బారువ నుంచి చింతపల్లి దాకా తీరం వెంట పాత ఇళ్ల సన్‌షేడ్ల కింద ఎర్రటి కడ్డీలు బయటపడి కనిపించేది ఇందుకే.

అసలు చిక్కు ఇక్కడే. రెండుంబావు బకెట్ల నీళ్లతో కలిపితే కాంక్రీటు గట్టిగా ఉంటుంది, సెంట్రింగు మూలల్లోకి పోదు. మేస్త్రి చేయి సహజంగానే ఇంకో అర బకెట్టు పోస్తుంది. అలా పోయకుండా పని జరగాలంటే తక్కువ నీళ్లతోనే కాంక్రీటును జారేలా చేసే ప్లాస్టిసైజరు కలపాలి, వైబ్రేటరు పెట్టాలి. పైగా తట్టల లెక్కతో చేసే నామమాత్రపు మిశ్రమాన్ని ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఎం30 కావాలంటే ల్యాబులో డిజైన్ చేసిన మిశ్రమం ఉండాలి. అంటే బొబ్బిలి ఇంటికి మంచి మేస్త్రి దాదాపు సరిపోతాడు. కళింగపట్నం ఇంటికి ఎంత గొప్ప మేస్త్రి అయినా ఒక్కడే చాలడు, వెనక ఒక ఇంజనీరు లెక్క ఉండాలి. రెండు ఊళ్లలోనూ చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఒకటే, దాని విలువ మాత్రం ఒకటి కాదు.

గాలి సంగతి కూడా కలుపుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఈ రెండు తుపాన్లలో రేకులు ఎగిరిపోయిన ఇళ్లెన్నో. రేకు నాణ్యత కంటే దాన్ని గోడకు ఎలా బిగించారన్నదే అక్కడ ప్రశ్న. మేస్త్రి పరీక్షలో ఇటుక గోడకు ఉన్నంత చోటు రేకు బిగింపుకు ఉండదు. తుపాన్లు తాకే ఉద్దానం ప్రాంతంలో పనిచేసేవాడికి అది తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం.

## సంతకం పెట్టే హక్కు ఎవరిది

ఇక రెండో రకం కాగితం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో గానీ, పట్టణాభివృద్ధి సంస్థలైన సుడా, బుడా, వీఎంఆర్‌డీఏ పరిధిలో గానీ ఇంటి ప్లానుకు అనుమతి కావాలంటే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడి ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టాలి. జనం ఎల్‌టీపీ అంటారు. ఇది చేతిపనికి వచ్చే గుర్తింపు కాదు, చదువుకు వచ్చేది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్లు సివిల్ డిప్లొమా చదివినవాళ్లు, బీటెక్ సివిల్ చేసినవాళ్లు, ఆర్కిటెక్టులు ఈ దారిలోకి వస్తారు. మన రెండు జిల్లాల్లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లూ ఉన్నాయి, రాజాం, టెక్కలి, విజయనగరాల్లో ఇంజనీరింగు కాలేజీలూ ఉన్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కూడా కావాల్సి వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. ఆర్కిటెక్టు అన్న పేరుకు 1972 నాటి చట్టం కాపలా ఉంది. ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదు కాకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. సివిల్ ఇంజనీరుకు దేశమంతటికీ అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. స్థానిక సంస్థో, పట్టణాభివృద్ధి సంస్థో ఇచ్చే లైసెన్సే ఆధారం. డాక్టరుకు మెడికల్ కమిషన్, లాయరుకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు ఇల్లు నిలబెట్టే ఇంజనీరుకు ఏదీ లేదంటే వినేవాళ్లు నమ్మరు.

2025లో ఆంధ్రప్రదేశ్ స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చాక ఎల్‌టీపీ సంతకం బరువు పెరిగింది. నివాస భవనాలకు నిబంధనల ప్రకారమే ప్లాను ఉందని ఎల్‌టీపీ ధ్రువీకరిస్తే పని మొదలుపెట్టుకోవచ్చు. ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది, తప్పు జరిగితే లైసెన్సు పోయే ప్రమాదం మాత్రం ఎల్‌టీపీ నెత్తిన పడింది. అయినా ఒక ఖాళీ అలాగే ఉంది. సంతకం పెట్టినవాడు సైటుకు ఎన్నిసార్లు వస్తాడు? ఫుటింగు పోసేటప్పుడు, రింగులు కట్టేటప్పుడు, స్లాబు రోజున? ప్లాను కాగితం మీద ఉన్న 45 మిల్లీమీటర్ల కవరు గోతిలో 25 అయిపోతే చూసేవాడెవరు? కాగితం ఒకరిది, పని ఇంకొకరిది. మన దగ్గర ఇంటి నాణ్యత జారిపోయేది ఎక్కువగా ఈ సందులోనే.

## ‘బిల్డర్’ అంటే చట్టం ఎవరిని అంటుంది

మూడో కాగితం రెరా. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఫ్లెక్సీల మీద ‘రెరా అప్రూవ్డ్ బిల్డర్’ అని కనిపిస్తే అది మనిషికి వచ్చిన యోగ్యతాపత్రం అనుకుంటారు. కాదు. రెరాలో నమోదయ్యేది ప్రాజెక్టు. ఈ చట్టం బిల్డర్‌కి పని వచ్చా అని అడగదు. కొనేవాళ్ల డబ్బు ఎక్కడ పెట్టావు, ఎప్పటికి ఇస్తావు అని అడుగుతుంది. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి, స్థలం, నిర్మాణ ఖర్చులకే వాడాలి. ఫ్లాటు అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

ఒక ఉదాహరణ. విజయనగరంలో 400 గజాల స్థలంలో పది ఫ్లాట్లు కట్టి అమ్మాలనుకున్నాడు ఒకాయన. రెరా కావాలా? 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా ఎనిమిది మించని ఫ్లాట్లకు నమోదు అక్కర్లేదని చట్టం అంటుంది. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. ఆయన స్థలం 334 చదరపు మీటర్లే, అంటే మినహాయింపులోకి వస్తుంది. ఫ్లాట్లు పది, అంటే రాదు. మధ్యలో ఉన్న ‘లేదా’ను ఎలా చదవాలి? రెండింటిలో ఏ ఒక్కటి హద్దులో ఉన్నా మినహాయింపేనని ఒక వాదన, అక్షరాలా చదివితే అలాగే ఉంది. ఏ ఒక్కటి హద్దు దాటినా నమోదు తప్పదని రెండో వాదన, కొనేవాళ్లను కాపాడాలన్న ఉద్దేశం చూస్తే ఇదే సబబు అనిపిస్తుంది. రాష్ట్రానికో తీరుగా నడిచింది. కొనేవాళ్లకు మాత్రం రెండో వాదన పాటించిన బిల్డరే మేలు.

సొంత స్థలంలో సొంతానికి కట్టించుకునే ఇంటికి రెరాతో సంబంధమే లేదు. అంతమాత్రాన దిక్కులేదని కాదు. వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ కింద ఇంటి నిర్మాణాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్లు. కాంట్రాక్టు తీసుకున్నవాడికి సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, ఒప్పుకున్నట్టు కట్టాడా లేదా అన్నదే ప్రశ్న. అందుకు ఒప్పందం కాగితం మీద ఉండాలి. మన దగ్గర చదరపు అడుగుకి ఇంత అని నోటిమాటతో, తాంబూలం ఇచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం.

నాలుగోది ప్రభుత్వ కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్. స్పెషల్ క్లాసు, ఒకటో క్లాసు అంటూ తరగతులుంటాయి. ఎంత విలువ పనికి టెండరు వేయవచ్చో ఇది చెబుతుంది. గతంలో చేసిన పనులు, చేతిలో డబ్బు, యంత్రాలు చూస్తారు. ఫస్ట్ క్లాసు కాంట్రాక్టరు అన్నంత మాత్రాన మీ ఇంటి పూజగది మూల సరిగ్గా తీస్తాడని కాదు.

## లైసెన్సు తప్పనిసరి చేస్తే?

చేయాలనేవాళ్లకు బలమైన ఉదాహరణలున్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1980లు, 90లలో కట్టిన వేలాది ఇళ్లలోకి వాన నీరు దిగి కుళ్లిపోయాయి. ఆ గొడవ తర్వాత 1998లో అక్కడ చట్టం తెచ్చి, ఇళ్లు కట్టేవాళ్లకు లైసెన్సు, దాంతోపాటు బీమా హామీ తప్పనిసరి చేశారు. పనికి, సామగ్రికి రెండేళ్లు, గోడలూ పైకప్పూ కలిసిన పై తొడుగుకు ఐదేళ్లు, నిర్మాణానికి పదేళ్లు. 2016 నుంచి లైసెన్సుకు చదువు అర్హతలు కూడా జోడించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 3,300 డాలర్లు దాటిన నిర్మాణ పనికి లైసెన్సు ఉండాలి. అమెరికాలో అంతా ఒకేలా లేదు. టెక్సాస్‌లో సాధారణ బిల్డరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. అక్కడ ఇళ్ల నిర్మాతల సంఘం ఇచ్చే ‘సర్టిఫైడ్ గ్రాడ్యుయేట్ బిల్డర్’ అనే గుర్తింపు ఉంది, ఇష్టమైనవాళ్లు కోర్సులు చేసి తెచ్చుకునేదే, బలవంతం లేదు.

వద్దనేవాళ్ల మాట కూడా తీసిపారేయలేం. మన మేస్త్రుల్లో చాలామంది బడి మొహం పెద్దగా చూడనివాళ్లు, పని మాత్రం చేతిలో ఉంది. లైసెన్సు తప్పనిసరి అంటే చదువుకున్నవాడు లైసెన్సు తెచ్చుకుని, చదువుకోనివాడికి నెలకింత అని అద్దెకిస్తాడు. మందుల షాపుల్లో గోడకు వేలాడే సర్టిఫికెట్ ఎవరిదో, కౌంటర్లో మనిషి ఎవరో మనం చూడనిదా? ఖర్చు పెరుగుతుంది, ఆ పెరిగినది చివరికి 300 చదరపు అడుగుల ఇల్లు కట్టుకునేవాడే మోయాలి.

ఈ వాదనలో మన జిల్లాలకు మరిచిపోలేని పేరొకటుంది, మౌలివాకం. 2014 జూన్ 28న చెన్నై శివార్లలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఎందరో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లిన కూలీలు. ఆ భవనానికి ప్లాను అనుమతి ఉంది. పక్కనే ఉన్న రెండో భవనాన్ని 2016 నవంబరు 2న పేల్చి కూల్చారు. లైసెన్సులు కావాలనేవాళ్లూ దీన్నే చూపిస్తారు, కాగితాలు కాపాడవనేవాళ్లూ దీన్నే చూపిస్తారు. నాకు కనిపించేది వేరు. పైన ఇనుము కడుతున్న మన కుర్రాడికి కింద మట్టి ఆ బరువు మోయదని తెలిసే అవకాశం లేదు. తెలిసినా పని ఆపమని చెప్పే హోదా లేదు. మేస్త్రికి ఎన్ని మెట్ల సర్టిఫికెట్ ఇచ్చినా ఆ హోదా దానితో రాదు. అడగాల్సింది పైన సంతకాలు పెట్టినవాళ్లను.

## మేస్త్రి వేసుకునే లెక్క

మళ్లీ నరసన్నపేట మేస్త్రి దగ్గరకి వస్తే, ఆయన అడిగింది ఒక్కటే. “సర్టిఫికెట్ తెస్తే చదరానికి ఎక్కువిస్తారేటి?”

ఊళ్లో ఇవ్వరు. ఇక్కడ మేస్త్రికి సర్టిఫికెట్ ఆయన కట్టిన గత ఇల్లే. పక్కింటి స్లాబు కారిందా లేదా అని అడిగి పని ఇస్తారు. పెద్ద కంపెనీల సైట్లలో సంగతి వేరు. భోగాపురం విమానాశ్రయం లాంటి పనుల్లో షట్టరింగు, కడ్డీ పని, టైల్సు అంటూ విడివిడిగా మనుషుల్ని తీసుకుంటారు. సర్టిఫికెట్ ఉంటే గేటు దాకా తీసుకెళ్తుంది, లోపల మళ్లీ పని చేయించి చూస్తారు.

విదేశాల మాటకొస్తే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ప్రతి ఊళ్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు కనిపిస్తారు. అక్కడికి నైపుణ్య పరీక్ష అవసరం పెరుగుతోంది. కానీ ఏజెంట్లు చెప్పని విషయం ఒకటుంది. పదో తరగతి పాస్ కాని మేస్త్రి పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) అన్న ముద్ర కిందకి వస్తుంది, గల్ఫ్ లాంటి దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. ఆర్‌పీఎల్ సర్టిఫికెట్‌తో ఆ ముద్ర పోదు. గుర్తింపు పొందిన సంస్థలో రెండేళ్ల డిప్లొమా చేసినవాళ్లకు ఆ మినహాయింపు ఉంది. ఐటీఐ మేసన్ కోర్సు ఏడాదే కనుక దానితో కూడా ఆ లెక్క కుదరదు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో పాసవడమే దగ్గరి దారి.

ఇదంతా చెప్పాక ఆయన వేళ్ల మీద లెక్క వేశాడు. విశ్వకర్మ శిక్షణకు ఐదు రోజులు పని మానాలి. రోజుకు 500 ఇస్తారు, తనకు బయట వచ్చేది అంతకంటే ఎక్కువ, కాబట్టి ఆ ఐదు రోజులు నష్టమే. పనిముట్లకు 15 వేలొస్తే ఆ నష్టం పూడిపోయి మిగులుతుంది. సెంట్రింగు రేకులు అద్దెకు తేవడం మానాలంటే ఆ లక్ష కూడా పనికొస్తుంది.

“అయితే ముందు దానికే ఎల్తాను బాబూ. మా బుల్లోడు శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లో రెండో ఏడు సదువుతున్నాడు. ఆ సంతకాల సంగతి ఆడు సూసుకుంటాడు” అని, పర్సు జేబులో పెట్టుకుని మళ్లీ కాలమ్ దగ్గరకి వెళ్లిపోయాడు.